పద్దెనిమిదికి ముందు పదిహేడున్నాయి

సంపాదకులకు నమస్కారం.

రష్యన్ స్వరకర్త, పియానిస్టు రహ్మానినోవ్ రాసిన ‘పగనీని థీమ్ మీద ర్యాప్సొడీ’ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చూశాను. పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే ఒక రచనకి తెలుగు దినపత్రిక అరపేజీ కేటాయించడం ఎప్పుడో గానీ జరగదు. అందుకు సంతోషమే. ఈ రచన అంటే థీమ్ అనే ఒక చిన్న మూల పలుకు, దాన్ని ఇరవై నాలుగు రకాలుగా మార్చి వాయించే వేరియేషన్లు. కానీ ఆ అరపేజీలో ముప్పాతిక వంతు పద్దెనిమిదో వేరియేషన్‌కే పోయింది. మిగతా ఇరవై మూడింటికీ కలిపి దక్కింది ఒక్క వాక్యం. పైగా ఆ పద్దెనిమిదో దాన్ని ‘రచయిత గుండెలోంచి పుట్టిన కొత్త ప్రేమగీతం’ అన్నారు, మొత్తం రచనని ‘అయిదో పియానో కన్సర్టో’ (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే మూడు భాగాల పెద్ద రచన) అన్నారు, ‘ముందు థీమ్ వినిపించి ఆ తర్వాత వేరియేషన్లు మొదలవుతాయి’ అని రాశారు. ఈ మూడూ సరికాదు. వాటిని సవరించడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించండి.

ముందు తారీఖుల సంగతి. ఇది 1934 జులై 3న మొదలై ఆగస్టు 18న పూర్తయింది. రాసింది స్విట్జర్లాండ్‌లో, లూసర్న్ సరస్సు ఒడ్డున ఆయన కట్టించుకున్న ‘సెనార్’ అనే ఇంట్లో. సెర్గేయ్‌లోని ‘సె’, భార్య నతాల్యా పేరులోని ‘న’, ఇంటిపేరులోని ‘ర’ కలిస్తే సెనార్. మీ వ్యాసంలో ‘అమెరికాలో రాసిన’ అని ఉంది. అమెరికాలో జరిగింది తొలి ప్రదర్శన: అదే ఏడాది నవంబర్ 7న బాల్టిమోర్‌లో, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో. కండక్టర్ స్టొకోవ్‌స్కీ, పియానో ముందు రహ్మానినోవే. డిసెంబర్ 24న అదే జట్టు రికార్డు కూడా చేసింది. రాసినవాడు ఎలా వాయించాడో నేటికీ వినగలిగిన రచన ఇది. అందుకే దీని టెంపోల (వేగాల) గురించి వాదన వచ్చినప్పుడు ఊహాగానాలతో పని లేదు.

1917 చివర్లో రష్యా వదిలాక ఆయనకి కచేరీలే జీవనాధారం. ఏడాదిలో చాలా భాగం రైళ్ళలో, హాళ్ళలో గడిచిపోయేది. ఆ పాతికేళ్ళలో ఓపస్ సంఖ్య (రచనల వరస సంఖ్య) వేసుకున్న కొత్త రచనలు ఆరే ఆరు. ర్యాప్సొడీ వాటిలో నాలుగోది, ఓపస్ 43. ఊరూరా తిరిగి తన చేతులతో తనే వాయించుకోవడానికి ఒక మహా పియానిస్టు కుట్టుకున్న చొక్కా ఇది. కొలతలు ఆయనవి. వేరేవాళ్ళు తొడుక్కున్నప్పుడు ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో తర్వాత చెబుతాను.

ఇక థీమ్. ఇది రహ్మానినోవ్‌ది కాదు. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని ఒంటరి వయొలిన్ కోసం రాసి 1820లో అచ్చు వేయించిన, కాప్రీసులనే 24 చిన్న రచనల్లో చివరిది, ఏ మైనర్‌లో (ఏ అనే స్వరం షడ్జమంగా, సాధారణ గాంధారంతో నడిచే స్వరక్రమంలో) ఉన్నది. అది కూడా థీమ్, వేరియేషన్ల రూపమే: ఒక థీమ్, పదకొండు వేరియేషన్లు, ఒక ముగింపు. స్వరకర్త లిస్ట్ దాన్ని పియానో ఎట్యూడ్‌గా (సాధన రచనగా) మార్చాడు, బ్రామ్స్ దాని మీద రెండు పుస్తకాల వేరియేషన్లు రాశాడు, రహ్మానినోవ్ తర్వాత లుటొస్లావ్‌స్కీ రెండు పియానోలకి రాశాడు. ఇంతమంది దాని వెంట పడటానికి కారణం అందం కాదు. నిజం చెప్పాలంటే అది అంత అందమైన మెలొడీ ఏమీ కాదు. కారణం దాని కట్టడం. రాసింది పన్నెండు బార్లు (మన ఆవర్తాల్లాంటి తాళపు గళ్ళు), మొదటి నాలుగు రెండుసార్లు వాయిస్తారు కాబట్టి వినిపించేది పదహారు. మొదటి సగంలో ఏ, ఈ అనే రెండు ఆధార స్వరాల మధ్య ఊగుతుంది, అంతే. రెండో సగంలో ఏ నుంచి డి, డి నుంచి జి, జి నుంచి సి అని మెట్లు దిగినట్టు దిగి మళ్ళీ ఇంటికి చేరుతుంది. ఇలాంటి అస్థిపంజరం మీద ఏ బట్ట వేసినా నిలుస్తుంది. మెలొడీ మొత్తం తీసేసి బార్‌కొక స్వరం మిగిల్చినా చెవి గుర్తుపడుతుంది.

రహ్మానినోవ్ చేసిన మొదటి చమత్కారం సరిగ్గా అదే. కొద్ది బార్ల ఉపోద్ఘాతం అయ్యాక థీమ్ రాదు, మొదటి వేరియేషన్ వస్తుంది. దాని మీద ఆయన వేసిన శీర్షిక ‘ప్రెసెడెంటే’, అంటే ముందు వచ్చేది. అందులో ఉన్నవి ఎముకలే, బార్‌లో ఒకటో రెండో స్వరాలు. ఆ తర్వాతే వయొలిన్లు థీమ్‌ని పూర్తిగా ఎత్తుకుంటాయి. అప్పుడు పియానో ఏం చేస్తుంది? మొదటి వేరియేషన్‌లో విన్న ఆ ఎముకలనే టకటకమని పక్కన వాయిస్తుంది. బేతోవెన్ తన మూడో సింఫనీ చివరి భాగంలో ముందు బాస్ మాత్రమే వినిపించి తర్వాత పాట తెచ్చాడు. అదే ఎత్తు ఇక్కడ మళ్ళీ పడింది. ‘ముందు థీమ్, తర్వాత వేరియేషన్లు’ అని చదివి వినడానికి కూర్చున్నవాడు మొదటి నిమిషంలోనే లెక్క తప్పుతాడు, ఆపైన ఏది ఎన్నోదో చివరిదాకా అందదు.

వేరియేషన్ అంటే మీ వ్యాసం ‘మార్పులు’ అంది. మన చెవికి దగ్గరగా చెప్పాలంటే పల్లవికి వేసే సంగతులు గుర్తు చేసుకోవచ్చు. ఒక తేడా మాత్రం పట్టుకోవాలి. సంగతి ఎంత పెరిగినా ఆధార షడ్జమం, తాళం, నడక చాలావరకు అవే ఉంటాయి. ఇక్కడ తాళం మారుతుంది, వేగం మారుతుంది, షడ్జమమే చోటు మారుతుంది. మొదటి పదీ ఏ మైనర్‌లో, 12, 13 డి మైనర్‌లో, 14, 15 ఎఫ్ మేజర్‌లో (మేజర్ అంటే అంతర గాంధారం ఉన్న స్వరక్రమం), 16, 17 బి-ఫ్లాట్ మైనర్‌లో, 18 డి-ఫ్లాట్ మేజర్‌లో, 19 నుంచి మళ్ళీ ఏ మైనర్‌లో నడుస్తాయి. ఈ వరస చూస్తే ఇది మూడు భాగాల కన్సర్టోలా విడిపోతుంది: పది దాకా వేగమైన మొదటి భాగం, పదకొండు నుంచి పద్దెనిమిది దాకా నెమ్మది భాగం, మిగిలిన ఆరూ ముగింపు. కన్సర్టోలా వినిపిస్తుంది కాబట్టి మీ రచయిత ‘అయిదో కన్సర్టో’ అన్నారేమో. కానీ నాలుగు కన్సర్టోలు రాసినవాడు దీనికి ఆ పేరు పెట్టలేదు. పెట్టిన పేరు ర్యాప్సొడీ, అంటే కట్టుబాటు లేని స్వేచ్ఛారచన. రూపం చూస్తే కట్టుబాటుకి మారుపేరు. పేరులోనే ఒక కొంటెతనం ఉంది.

ఇప్పుడు అసలు విషయం: పద్దెనిమిదో వేరియేషన్ కొత్త పాట కాదు. పగనీని థీమ్‌నే అద్దంలో చూపించినట్టు తలకిందులు చేసినది. చేతిలో హార్మోనియమో కీబోర్డో ఉంటే ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. ఏ మైనర్‌లో ఏ ని షడ్జమం అనుకోండి. థీమ్ తల ఇలా ఉంటుంది: స గ రి స ప. గాంధారం సాధారణం, రిషభం చతుశ్రుతి. అంటే మూడు అర్ధస్వరాలు పైకి, ఒకటి కిందికి, రెండు కిందికి, తర్వాత పంచమానికి దూకుడు. ఇప్పుడు ప్రతి కదలికనీ తిరగేయండి: మూడు కిందికి, ఒకటి పైకి, రెండు పైకి. డి-ఫ్లాట్‌ని షడ్జమం చేసుకుని పంచమం నుంచి మొదలుపెడితే ఏమొస్తుంది? ప గ మ ప స. ఈసారి గాంధారం అంతరం, మధ్యమం శుద్ధం. సినిమాల్లో, ప్రకటనల్లో, పెళ్ళి వీడియోల్లో లోకమంతా విన్న ఆ పాట తల ఇదే. ఒక్క అర్ధస్వరం కూడా సర్దుబాటు చేయలేదు. షడ్జమంలో మొదలై పంచమంలో ఆగిన పలుకు పంచమంలో మొదలై షడ్జమంలో ఆగింది, మైనర్ మేజర్ అయింది. పాతిక మంది చేతులు పడి నలిగిపోయిన ఓ వయొలిన్ కసరత్తు కడుపులో ఇది దాగి ఉందని 1934 దాకా ఎవరికీ పట్టలేదు. మీ పాఠకులకి చెప్పాల్సిన అద్భుతం అది. ‘గుండెలోంచి పుట్టింది’ అనేస్తే ఆ పనితనమంతా నేలపాలు.

ఇంకో పాట కూడా ఇందులో ఉంది, దాన్ని మీ వ్యాసం అసలు ప్రస్తావించలేదు. ‘డియెస్ ఈరే’, చనిపోయినవారి కోసం కాథలిక్ చర్చిలో పాడే మధ్యయుగపు లాటిన్ కీర్తన. రహ్మానినోవ్‌కి అది జీవితాంతం వదలని గీతం. ఇందులో అది ఏడో వేరియేషన్‌లో మొదటిసారి వస్తుంది: వేగం తగ్గి, పియానో నిండు కార్డులతో (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులతో) చర్చి పాటలా నెమ్మదిగా వాయిస్తుంటే అడుగున బసూన్, చెల్లోలు పగనీని థీమ్‌ని సాగదీసి పలుకుతుంటాయి. రెండూ అంత సులువుగా ఎలా అతికాయి? దీనికీ స్వరాల్లోనే జవాబుంది. డియెస్ ఈరే తల గ రి గ స. థీమ్ తల స గ రి స. అవే మూడు స్వరాలు, వరస వేరు. పదో వేరియేషన్‌లో అది మళ్ళీ వస్తుంది, ఈసారి పియానో ఆక్టేవుల్లో (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి) కొడుతుంది, తర్వాత ఇత్తడి వాయిద్యాలు బీట్‌కి పక్కగా తోసి జాజ్ వాసన తగిలిస్తాయి. చివరి వేరియేషన్‌లో మూడోసారి. ఏడుకీ పదికీ మధ్య తొమ్మిదో దాంట్లో తీగ వాయిద్యాలవాళ్ళు విల్లుని తిరగేసి కర్రవైపుతో తీగల మీద కొట్టే చోటు ఉంది, ఎముకలు గలగలలాడినట్టుంటుంది. విల్లు పాడవుతుందని కొందరు వయొలినిస్టులు అక్కడ కొట్టినట్టు నటిస్తారు. చౌక విల్లు ఒకటి దగ్గర ఉంచుకుంటే పోయేదానికి ఆ చప్పుడు లేకుండా చేయడం ఎందుకో.

దీనికంతా ఒక కథ కూడా ఉంది. 1937లో రహ్మానినోవ్ నృత్యదర్శకుడు ఫోకిన్‌కి ఉత్తరం రాస్తూ ఈ రచనని బాలేగా చేయొచ్చని సూచించాడు: కళలో పరిపూర్ణత కోసం, ఒక స్త్రీ కోసం దుష్టశక్తికి ఆత్మని అమ్ముకున్న పగనీని కథ. డియెస్ ఈరే వచ్చేవన్నీ ఆ దుష్టశక్తివి, పదకొండు నుంచి పద్దెనిమిది దాకా ప్రేమ ఘట్టాలు. బాలే 1939లో లండన్‌లో వచ్చింది. అయితే ఈ కథ రచన పూర్తయిన మూడేళ్ళకి చెప్పినది. రాసేటప్పుడే ఇది మనసులో ఉందని తీర్పు చెప్పేయకూడదు. వినడానికి ఆనవాళ్ళుగా పనికొస్తుంది, అంతవరకే.

పద్దెనిమిదోదాన్ని విడిగా కత్తిరించి వినిపిస్తే పోయేదేమిటో ఇప్పుడు చూడండి. పూర్తి రచన 22 నుంచి 24 నిమిషాలు. పద్దెనిమిదోది వచ్చేసరికి దాదాపు పదిహేను నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. అది ఉండేది మూడు నిమిషాల లోపే. దానికి ముందు పదహారోది బి-ఫ్లాట్ మైనర్‌లో, ఓబో ఒంటరిగా గొణిగినట్టు సాగుతుంది. పదిహేడోది ఇంకా చీకటి: పియానో అడుగు స్థాయిల్లో చేతులు తడుముకుంటూ తిరుగుతుంది, పాట అంటూ ఏదీ పట్టుకోవడానికి దొరకదు, ఆర్కెస్ట్రా నీడలా కదులుతుంది. బి-ఫ్లాట్ మైనర్‌కీ డి-ఫ్లాట్ మేజర్‌కీ ఫ్లాట్లు (అర్ధస్వరం దించిన స్వరాలు) అయిదే, అవే అయిదు. గది మారదు, దీపం వెలుగుతుంది. ఆ పదిహేడోది వినకుండా పద్దెనిమిదోది వింటే పగటిపూట దీపం పెట్టినట్టే.

ఇక్కడ వినేవాళ్ళకి ఒక ఆచరణ సలహా. పదిహేడోది ఫోన్ స్పీకర్‌లో వినబడదు. అందులో ఉన్నదంతా అడుగు స్వరాలు, తక్కువ శబ్దం. ఆ చిన్న స్పీకర్ వాటిని మింగేస్తుంది, మీకు నిమిషంన్నర ఖాళీ వినిపిస్తుంది, పాట ఆగిపోయిందేమో అనుకుని ముందుకి జరిపేస్తారు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. చాలా ఆల్బమ్‌లు ఒక్కో వేరియేషన్‌నీ ఒక్కో ట్రాక్‌గా విడదీస్తాయి కాబట్టి షఫుల్ ఆపండి, ట్రాకుల మధ్య విరామం లేకుండా వాయించే సెట్టింగ్ పెట్టండి. లేకపోతే ఆగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారే చోట్ల అర సెకను గొయ్యి పడుతుంది, పదిహేడు నుంచి పద్దెనిమిదికి అడుగు పెట్టేచోట మరీ ఘోరంగా.

వాయించేవాళ్ళు చెడగొట్టేదీ ఎక్కువగా ఈ పద్దెనిమిదో దగ్గరే. రాసింది ‘అందాంతే కాంతాబిలే’. అందాంతే అంటే నడక, కాంతాబిలే అంటే పాడినట్టు. ప్రసిద్ధ పాట కదా అని పియానిస్టు దాన్ని ఆరాధనలా మొదలుపెడతాడు, ఒక్కో స్వరాన్నీ నాకుతూ. తను ఒంటరిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. తర్వాత అదే పాట తీగ వాయిద్యాలు ఎత్తుకుంటాయి. మూడు బీట్ల తాళంలో ఒక్కో బీట్‌కి మూడేసి చిన్న దెబ్బలు, అంటే బార్‌కి తొమ్మిది. ఇప్పుడు ఆ దెబ్బలన్నీ పియానిస్టు కార్డులుగా కొట్టాలి. మొదట్లో ఎంచుకున్న నెమ్మదిలో అవి బండరాళ్ళు మోసినట్టు పడతాయి. వయొలిన్లకి విల్లు చాలదు, పదబంధం మధ్యలో విల్లు తిప్పాల్సొస్తుంది, పాట తెగుతుంది. కండక్టర్ చూసి తోస్తాడు, పియానిస్టు లాగుతాడు. దీనికి మందు ఒకటే: రిహార్సల్‌లో పియానో ప్రవేశం నుంచి మొదలుపెట్టకూడదు. తీగ వాయిద్యాలు అందుకునే చోటు నుంచి మొదలుపెట్టి, విల్లు హాయిగా సరిపోయే వేగం తేల్చుకుని, ఆ వేగాన్ని వెనక్కి తెచ్చి మొదటి బార్‌కి పెట్టాలి. రహ్మానినోవ్ సొంత రికార్డులో ఇది నడుస్తుంది. వంగుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది, ఆగి చేతులు జోడించదు.

పియానో వంతుకి వస్తే ఎడమచేతి విస్తారం ఇంకో చిక్కు. ఆయన చేతులు పెద్దవి, కార్డులు అలాగే పరిచాడు. చిన్న చేతులవాళ్ళు కింది స్వరాన్ని బీట్ కన్నా ఒక వెంట్రుకవాసి ముందు వేసి పెడల్‌తో పట్టి, మిగతాది బీట్ మీద వేయాలి. చాలామంది కింది స్వరాన్ని బీట్ మీద వేసి పై స్వరాన్ని ఆలస్యం చేస్తారు. అప్పుడు పాట ప్రతి బార్‌లోనూ కుంటుతుంది. పెడల్ తొందరగా మార్చేస్తే అడుగు జారిపోయి పైన అంతా గాజుముక్కల్లా మిగులుతుంది.

పద్దెనిమిదోది పియానో ఒంటరి స్వరంతో సద్దుమణిగాక ఏం జరుగుతుందో కత్తిరింపులు వినేవాళ్ళకి అసలు తెలీదు. చప్పట్లకి చోటు లేదు. ఆర్కెస్ట్రా కొద్ది బార్లలో భుజం పట్టి ఊపినట్టు డి-ఫ్లాట్ నుంచి ఏ మైనర్‌కి లాగేస్తుంది, పియానో పొడిపొడిగా, పెడల్ దాదాపు లేకుండా, తీగలు వేలితో మీటినట్టు పరుగు తీస్తుంది. పగనీని మూల కాప్రీస్ తొమ్మిదో వేరియేషన్‌లో వయొలిన్ పట్టుకున్న ఎడమచేతి వేళ్ళతోనే తీగల్ని మీటే విద్య ఉంది, ఇది దాని ప్రతిధ్వని. ఫోకిన్‌కి రాసిన ఉత్తరంలోనూ రహ్మానినోవ్ పందొమ్మిదోదాన్ని పగనీని కళ గెలిచిన చోటుగా, ఆయన పిజికాటోగా (తీగల్ని వేళ్ళతో మీటడంగా) చెప్పాడు. అక్కడ పియానిస్టులు పద్దెనిమిదో దాని తడి ఆరక పెడల్ మీద కాలు ఉంచేస్తారు. మీటు వినబడదు, బురద వినబడుతుంది.

ఇరవై, ఇరవై ఒకటి గురించి పెద్దగా చెప్పేది లేదు, పరుగులు. ఇరవై రెండోది మాత్రం పొడుగు, కష్టం. కవాతులా ఎక్కడో దూరం నుంచి మొదలై మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు మొదటి పావు వంతులోనే పెంచేయడం. ఆపైన పెరగడానికి చోటుండదు, అప్పుడు శబ్దం బదులు వేగం పెంచుతారు. ‘లిస్తెస్సో టెంపో’ అని ఈ స్కోర్‌లో (రాసిన స్వరలిపిలో) చాలాచోట్ల ఉంది, అంటే బీట్ అదే అని. ఆ మాట గౌరవించని బృందాలు ఇరవై మూడో దానికి చేరేసరికి ఇరవై నాలుగో దాన్ని వాయించలేని వేగంలో ఉంటాయి.

ఆ ఇరవై నాలుగోది సంగతి వేరే చెప్పాలి. చేతులు రెండూ దూరాలు దూకుతూ, అదీ మొదట్లో మెత్తగా, పిల్లి నడకతో వాయించాలి. గట్టిగా దూకడం సులువు. మెత్తగా దూకితే తప్పు స్వరం బట్టబయలు. రచయితకే అది భయంగా ఉండేదనీ, దానికి ముందు ఒక గ్లాసు పుదీనా లిక్కర్ పుచ్చుకునేవాడనీ తోటి పియానిస్టుల్లో ఒక కథ తిరుగుతుంటుంది. నిజమైనా కాకపోయినా వాయించేవాళ్ళకి అందులో ఓదార్పు ఉంది. మందు లేకుండా సాధన చేసే దారి ఇది. చేతిని గాల్లో విల్లులా లేపి దించకండి, కీల మీదుగా అడ్డంగా, వీలైనంత దగ్గరగా జరపండి. ఒక కార్డ్ వాయించగానే తర్వాతి కార్డ్ మీదికి వెంటనే చేరి, శబ్దం చేయకుండా కీలని తాకి ఆగండి. సరైన చోట ఉన్నామని చూసుకున్నాకే నొక్కండి. ఈ తాకి-ఆగడం పద్ధతిలో సగం వేగంతో మొదలుపెట్టి, మెట్రోనోమ్ రెండేసి అంకెల చొప్పున పెంచుకుంటూ పోవాలి. తప్పు పడిన వేగం నుంచి నాలుగు అంకెలు వెనక్కి రావాలి. చూపు ఎప్పుడూ ఎక్కువ దూరం దూకే చేతిదే, రెండో చెయ్యి స్పర్శతో వెతుక్కోవాలి. రెండిటినీ చూడబోతే రెండూ తప్పుతాయి. ఏ దూకుడులో ఏ చేతిని చూడాలో ముందే స్కోర్ మీద పెన్సిల్‌తో గుర్తు వేసుకోవడం మంచిది.

చివరికి డియెస్ ఈరేని ఇత్తడి వాయిద్యాలు గొంతెత్తి అరుస్తాయి, మొత్తం ఆర్కెస్ట్రా మీద పడుతుంది, ఇక అంతటా పిడుగులే అనుకున్న క్షణాన అంతా ఆగి, పియానో థీమ్ తోకని చిన్న గొంతుతో పలికి ముగించేస్తుంది. ఆ చివరి బార్లకి నెమ్మది చేయకూడదు, గట్టిగా కొట్టకూడదు. వెనక్కి తిరిగి చూడకుండా తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయినట్టుండాలి. మొదటి వేరియేషన్‌లో ఎముకల్ని ముందు చూపించి శరీరాన్ని తర్వాత తెచ్చినవాడి హాస్యమే ఇదీ.

ఈ రూపం రహ్మానినోవ్ ఒక్కడిదే అన్నట్టు కూడా మీ వ్యాసం రాసింది. పియానోకీ ఆర్కెస్ట్రాకీ వేరియేషన్లు రాయడం వాయించే రచయితల పాత అలవాటు. షొపాన్ ఓపస్ 2 మోజార్ట్ ఒపెరాలోని ఒక పాట మీద రాసినది, అప్పటికి ఆయన కుర్రాడు. లిస్ట్ ‘టోటెంటాన్జ్’ మొత్తం ఆ డియెస్ ఈరే మీదే నడుస్తుంది. ఫ్రాంక్ 1885లో ‘సింఫనిక్ వేరియేషన్స్’ రాశాడు, పియానో బడాయి దాదాపు లేకుండా. దోనాన్యీ 1914లో చిన్నపిల్లల పాట ఒకటి తీసుకుని, ప్రళయం ముంచుకొస్తోందా అన్నంత గంభీరమైన ఉపోద్ఘాతం పెట్టి, దాని వెనక ఒక్కో వేలితో వాయించే ఆ పిల్లల పాట దించాడు. ర్యాప్సొడీ నచ్చినవాళ్ళు తర్వాత వినాల్సింది అదే అని నా అభిప్రాయం. ఈ రూపంలో నవ్వు ఎలా పుడుతుందో అందులో ఇంకా సూటిగా తెలుస్తుంది.

మీరు సవరణ వేయదలిస్తే మూడు లైన్లు చాలు: థీమ్ పగనీనిది, పద్దెనిమిదోది దాని తలకిందులు రూపం, మొదటి వేరియేషన్ థీమ్ కన్నా ముందే వస్తుంది. వచ్చే వారం మీ పత్రిక వెబ్‌సైట్‌లో వినడానికి ఏదైనా లంకె పెట్టేటట్టయితే పద్దెనిమిదో దాని దగ్గర మొదలయ్యేది పెట్టకండి. మొత్తం పెట్టడానికి చోటు లేదంటే పదహారో దాని నుంచి చివరిదాకా పెట్టండి. పన్నెండు నిమిషాలకి మించదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు